ఆవిరికి ఆనుకోను చోటు: మేఘపు బిందువు నుండి ఆకు తడి వరకు

గాలి చల్లబడితే అందులోని నీటి ఆవిరి ద్రవంగా మారుతుందన్న వాక్యం పాఠశాల స్థాయి నుండి అందరికీ పరిచితమే. ఇది తప్పు కాదు, కాని సగం మాత్రమే నిజం. ధూళి ఏమాత్రం లేని శుభ్రమైన గాలిని ఒక హద్దు వరకు ఎంత చల్లబరచినా అందులో ఒక్క బిందువు కూడా పుట్టదు. అదే గాలిలో పిసరంత పొగ కలిస్తే క్షణంలో మేఘం కమ్ముకుంటుంది. ఆవిరి నీరు కావడానికి చల్లదనంతో పాటు ఆనుకోవడానికి ఒక చోటు కూడా కావాలి. ఆకాశంలో ఆ చోటు ధూళి రేణువు, ఉప్పు కణం. పంటపొలంలో చాలాసార్లు అది ఆకే. తెగుళ్ల ముందస్తు హెచ్చరికలలో గాలిలోని తేమ శాతాన్ని ఆధారంగా తీసుకునే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ రెండవ సగాన్ని కూడా గుర్తుంచుకోవలసి ఉంటుంది. అనేక శిలీంద్రాల బీజాలు మొలకెత్తేది వాతావరణ కేంద్రంలో నమోదైన తేమ శాతం వల్ల కాదు, ఆకుపై నిలిచిన నీటి పొరలో.

ముందుగా కొన్ని అంకెలు. ఒక ఘనపు మీటరు స్థలంలో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉండగలదు. 20 డిగ్రీల వద్ద ఇది 17 గ్రాములకు, 10 డిగ్రీల వద్ద 9 గ్రాముల పైచిలుకుకు తగ్గుతుంది. గాలి ఆవిరిని 'ఇముడ్చుకుంటుంది' అనడం వాడుకలోని మాట మాత్రమే. ఈ పరిమితిని నిర్ణయించేది ఉష్ణోగ్రత, గాలి కాదు. సాయంత్రం 30 డిగ్రీల వద్ద 60 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలిలో 18 గ్రాముల ఆవిరి ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 21 డిగ్రీల ప్రాంతానికి దిగేసరికి అదే ఆవిరితో ఆ గాలి సంతృప్తమవుతుంది. ఈ ఉష్ణోగ్రతనే తుషార స్థానం, అనగా డ్యూ పాయింట్ అంటారు. ఇంకా చల్లబడితే అదనపు ఆవిరి నీరుగా మారాలి. ఎక్కడ మారాలి అన్నదే అసలు ప్రశ్న.

గాలి చల్లబడే మార్గాలలో రెండు ఇక్కడ ముఖ్యమైనవి. చల్లని నేలకో ఆకుకో తగిలి నెమ్మదిగా చల్లబడటం ఒకటి. ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడటం రెండవది. వ్యాకోచం వేగంగా జరిగినప్పుడు బయటి నుండి వేడి అందే వ్యవధి ఉండదు గనుక గాలి తన అంతర్గత శక్తినే వెచ్చించి చల్లబడుతుంది. భౌతికశాస్త్రంలో ఇది స్థిరోష్ణక వ్యాకోచం. సోడా సీసా మూత తీసిన క్షణంలో మూతి వద్ద కనిపించే తెల్లని పొగ ఇటువంటిదే. నేల వేడికి పైకి లేచిన గాలి కూడా పీడనం తగ్గిన కొద్దీ వ్యాకోచించి, సంతృప్తం కానంతవరకు ప్రతి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. మేఘాలు పుట్టే తీరు ఇదే.

దూదిలో వడకట్టిన గాలి

ఫ్రాన్స్‌కు చెందిన పాల్ జీన్ కూలియే 1875లో ఒక గాజు పాత్రలోని తడి గాలిని వ్యాకోచింపజేసి పొగమంచును పుట్టించాడు. అయితే గాలిని ముందుగా దూదిలో వడకట్టినప్పుడు అదే వ్యాకోచంతో పొగమంచు ఏర్పడలేదు. ఈ ఫలితం ఆనాడు పెద్దగా ఎవరి దృష్టినీ ఆకర్షించలేదు. అయిదేళ్ల తరువాత స్కాట్లాండ్‌లో జాన్ ఐట్కెన్ స్వతంత్రంగా ఇదే విషయాన్ని చేరుకున్నాడు. రెండు గాజు పాత్రలలో ఒకదానిలో మామూలు గాలిని, రెండవదానిలో దూదిలో వడకట్టిన గాలిని నింపి, రెండింటిలోకీ నీటి ఆవిరిని పంపాడు. మొదటిది తెల్లని మేఘంతో నిండిపోయింది; రెండవది స్వచ్ఛంగానే మిగిలింది. ధూళి లేకపోతే పొగమంచు, మేఘం, వాన ఉండవన్న నిర్ధారణకు ఐట్కెన్ వచ్చాడు. తరువాత గాలిలోని రేణువులను లెక్కించే పరికరాన్ని కూడా రూపొందించాడు. అతి సూక్ష్మమైన ఈ రేణువులను నేటికీ ఐట్కెన్ కేంద్రకాలని పిలుస్తారు.

ధూళి ఎందుకు అవసరమో చెప్పే సూత్రం అప్పటికే ఉంది. వంపు తిరిగిన నీటి ఉపరితలంపై బాష్ప పీడనం చదునైన ఉపరితలంపై కంటే ఎక్కువగా ఉంటుందని లార్డ్ కెల్విన్ 1871లో నిరూపించాడు. బిందువు ఎంత చిన్నదైతే వంపు అంత తీవ్రం. దాని నుండి నీటి అణువులు తప్పించుకోవడం అంత సులభం. 20 డిగ్రీల వద్ద ఒక నానోమీటరు వ్యాసార్ధం గల బిందువులో నీటి అణువులు 140 వరకు మాత్రమే ఉంటాయి. అది ఆవిరైపోకుండా నిలవాలంటే చుట్టూ ఉన్న గాలిలో సాపేక్ష ఆర్ద్రత 290 శాతం ఉండాలి. వ్యాసార్ధం 10 నానోమీటర్లు అయితే 111 శాతం, 100 నానోమీటర్లు అయితే 101 శాతం చాలు. కష్టమంతా తొలి అడుగులోనే ఉంది. బిందువు పెరగాలంటే ముందే పెద్దదై ఉండాలి. పెద్దది కావాలంటే పెరగాలి. ధూళి రేణువు ఈ చిక్కును విప్పుతుంది. దానిపై పరచుకున్న నీటి పొర మొదటి నుండే పెద్ద బిందువుతో సమానం.

ఈ హద్దులను కచ్చితంగా కొలిచినవాడు సి.టి.ఆర్. విల్సన్. ఎడిన్‌బరో సమీపంలోని ఒక రైతు కుటుంబంలో 1869లో పుట్టిన ఆయన, 1894 సెప్టెంబరులో బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ శిఖరంపైని వాతావరణ కేంద్రంలో రెండు వారాలు గడిపాడు. సూర్యుని చుట్టూ, కొండ నీడ చుట్టూ మేఘాలపై కనిపించిన రంగుల వలయాలను ప్రయోగశాలలో పుట్టించాలన్న కోరికతో మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో పని ప్రారంభించాడు. తడి గాలిని పదేపదే వ్యాకోచింపజేసి, ఏర్పడిన బిందువులు ధూళితో సహా కిందికి దిగేలా చేసి, గాలిని పూర్తిగా శుభ్రపరచాడు. అటువంటి గాలి ఘనపరిమాణం 1.25 రెట్లు అయ్యేవరకు ఏమీ జరగలేదు. ఆ హద్దు దాటగానే కొద్దిపాటి బిందువులు చిన్న వానలా రాలాయి. సుమారు 1.38 రెట్ల వద్ద పాత్ర అంతా చిక్కని మేఘం కమ్ముకుంది.

ఈ అంకెల అర్థం విద్యార్థులు తామే లెక్క వేసి చూడవచ్చు. 20 డిగ్రీల వద్ద ఉన్న గాలి ఒక్కసారిగా 1.25 రెట్లు వ్యాకోచిస్తే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 5 డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు ఘనపు మీటరుకు దాదాపు 14 గ్రాముల ఆవిరి మిగిలి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతకు తగినది 3.4 గ్రాములే. అంటే సంతృప్త స్థితికి నాలుగు రెట్లు. 1.38 రెట్ల వద్ద ఇది ఎనిమిది రెట్లకు చేరుతుంది. అంత ఆవిరి ఉన్నప్పుడు మాత్రమే అణువులు ఏ ఆసరా లేకుండా తమంతట తాము గుంపుకట్టి బిందువులవుతాయి. నాలుగు రెట్ల వద్ద రాలిన కొద్దిపాటి బిందువులకు ఆసరా విద్యుదావేశం గల అయాన్లని విల్సన్ ఆ తరువాత నిరూపించాడు. రుణావేశ అయాన్లపై నాలుగు రెట్ల వద్ద, ధనావేశ అయాన్లపై ఆరు రెట్ల వద్ద నీరు చేరుతుంది. 1911లో ఆయన ఇదే పాత్రలో పరమాణు కణాల దారులను నీటి బిందువుల గీతలుగా చూడగలిగాడు. 1927లో నోబెల్ బహుమతి ఆర్థర్ కాంప్టన్‌తో కలిపి ఆయనకు లభించినది ఇందుకే. వాతావరణ దృశ్యాన్ని అనుకరించబోయి అణు భౌతికశాస్త్రానికి కన్ను ఇచ్చిన ఉదంతం ఇది.

శిక్షణ తరగతులలో ఈ ప్రయోగాన్ని ఖర్చు లేకుండా చూపవచ్చు. పలుచని ప్లాస్టిక్ నీళ్ల సీసాలో రెండు చెంచాల గోరువెచ్చని నీరు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదిలితే దాదాపు ఏమీ కనిపించదు. ఆరిపోయిన అగ్గిపుల్ల పొగను కొంచెం లోపలికి పోనిచ్చి మళ్లీ నొక్కి వదిలితే సీసా తెల్లబడుతుంది. నొక్కితే మేఘం మాయమవుతుంది, వదిలితే తిరిగి వస్తుంది.

ప్రకృతిలోని మేఘాలలో అతిసంతృప్తత సాధారణంగా ఒక శాతాన్ని మించదు. విల్సన్ పాత్రలోని నాలుగు, ఎనిమిది రెట్లకు ఇది ఎంత దూరమో చెప్పనక్కరలేదు. రేణువులు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండటమే కారణం. వాటిలో నీటిలో కరిగేవి మరింత సమర్థమైనవి. స్వీడన్ శాస్త్రవేత్త హిల్డింగ్ కోలర్ వివరించినట్లు, కరిగిన లవణం బాష్ప పీడనాన్ని తగ్గించి, వంపు వల్ల కలిగే నష్టాన్ని పూడ్చుతుంది. ఉప్పు కణం 75 శాతం ఆర్ద్రత వద్దనే నీటిని పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా ఇందుకు సాక్ష్యం. పొగ కణాలు అధికంగా ఉన్న చోట అందుబాటులోని ఆవిరి ఎక్కువ కేంద్రకాల మధ్య పంపకమై, బిందువులు చిన్నవిగానూ లెక్కకు మిక్కిలిగానూ ఏర్పడతాయి. అటువంటి పొగమంచులో చూపు ఆనే దూరం మరీ తగ్గుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుండి కొన్నేళ్లు వర్షాభావ ప్రాంతాలలో చేపట్టిన కార్యక్రమం 'మేఘమథనం' అన్న పేరుతో ప్రజలలోకి వెళ్లింది. పేరు వినసొంపుగా ఉన్నా అక్కడ చిలకడం ఏదీ జరగదు. కేంద్రకాలను వెదజల్లడం మాత్రమే జరుగుతుంది గనుక విత్తడం అన్న మూలపదమే వ్యవసాయదారునికి సరైన ఊహనిస్తుంది. విత్తనం చల్లినంత మాత్రాన ఎండిన నేలలో పంట రాదు. తగిన ఆవిరి, పైకి లేచే గాలి గల మేఘం ముందే లేనిచోట కేంద్రకాల వల్ల ప్రయోజనం లేదు.

ఆకు మీద మూడు రకాల బిందువులు

నేలపైకి వస్తే చిత్రం మారుతుంది. ఆకు, గడ్డి పరక, రాయి వంటివి రేణువులతో పోలిస్తే బ్రహ్మాండమైన ఉపరితలాలు. వాటిపై కెల్విన్ చెప్పిన వంపు అడ్డంకి దాదాపు ఉండదు. అందువల్ల ఆకు ఉష్ణోగ్రత తుషార స్థానానికి దిగితే చాలు, గాలి సంతృప్తం కాకముందే దానిపై నీరు చేరుతుంది. లండన్‌లో వైద్యునిగా ఉన్న విలియం చార్లెస్ వెల్స్ చిన్న చిన్న ఉన్ని పింజలను తూచి, రాత్రి ఆరుబయట ఉంచి, మళ్లీ తూచి మంచు పరిమాణాన్ని కొలిచాడు. మంచు వల్ల వస్తువులు చల్లబడటం లేదని, ముందు అవి ఆకాశంలోకి వేడిని వెదజల్లి గాలి కంటే చల్లబడిన తరువాతే వాటిపై మంచు చేరుతుందని 1814లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు.

తెలుగులో ఒక చిక్కు ఉంది. ఆకుపై చేరే నీటికి, గాలిలో తేలే పొగమంచుకు, హిమాలయాలపై గడ్డకట్టిన దానికి కూడా వాడుకలో 'మంచు' అన్నది ఒకటే మాట. మంచు 'కురిసింది', 'పడింది' అనడం వల్ల అది పైనుండి రాలుతుందన్న భావన స్థిరపడింది. ఐట్కెన్ 1885లో ఈ భావనపైనే మరో దెబ్బ వేశాడు. ఆకుపై చేరే మంచులో గణనీయమైన భాగం తడి నేల నుండి పైకి లేచిన ఆవిరేనని చూపాడు. అంతేకాక, గడ్డి పరకల కొనలపై ముత్యాల్లా మెరిసే పెద్ద బిందువులు అసలు మంచే కావని, మొక్క తానే బయటకు నెట్టిన నీరని కనుగొన్నాడు. వృక్షశాస్త్రంలో బిందుస్రావం అనేది ఇదే.

ఈ తేడా పొలంలో పనికివచ్చేది. మంచు ఆకు పైభాగమంతటా, ఆకాశం వైపు తెరిచి ఉన్న చోట సన్నని తుంపరలా పరచుకొని ఉంటుంది. చెట్టు నీడన ఉన్న మొక్కలపై తక్కువ. బిందుస్రావం ఆకు కొనలో, అంచు వెంబడి, ఈనెలు ముగిసే చోట వరుసగా కనిపిస్తుంది. నేలలో తేమ సమృద్ధిగా ఉండి, రాత్రి బాష్పోత్సేకం ఆగినప్పుడు వేరు పీడనం వల్ల ఇది వెలువడుతుంది గనుక మబ్బు పట్టిన రాత్రి కూడా ఏర్పడుతుంది. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు, క్యాబేజీలో నల్లకుళ్లు తెగులు కలిగించే బాక్టీరియాలు ఈ నీటి రంధ్రాల గుండానే లోనికి ప్రవేశించగలవు. ఉదయం బిందువు తిరిగి లోనికి పీల్చుకోబడేటప్పుడు వాటికి దారి దొరుకుతుంది. మూడవ బిందువు మామిడి రైతుకు బాగా తెలిసినది. తేనెమంచు పురుగు విసర్జించే జిగట ద్రవానికి పేరులో మంచు ఉన్నా వాతావరణంతో సంబంధం లేదు. దానిపై నల్లని మసి తెగులు పెరుగుతుంది. 'మంచు వల్ల పూత మాడిపోయింది' అని రైతు చెప్పినప్పుడు ఏ మంచు అని అడగవలసి రావడం ఇందువల్లనే.

తొంభై శాతం అన్న అంకె

వాతావరణ కేంద్రంలో ఆర్ద్రతను కొలిచే పరికరం నేల నుండి నాలుగడుగుల ఎత్తున, ఎండా వానా తగలని పెట్టెలో ఉంటుంది. వ్యవసాయ వాతావరణ కేంద్రాలలో ముఖ్యమైన పరిశీలనలు స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 7, మధ్యాహ్నం 2 గంటలకు జరుగుతాయి. ఆకు తడిసేది ఈ రెండింటి మధ్య కనబడని రాత్రిలో. అందువల్ల ఆర్ద్రత 90 శాతం దాటిన గంటలను తడి గంటలుగా భావించడం అనేక తెగుళ్ల నమూనాలలో ఆనవాయితీ అయింది.

నిర్మలమైన ఆకాశం, మెల్లని గాలి ఉన్న రాత్రిని ఊహిస్తే ఈ అంకె బలహీనత తెలుస్తుంది. గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, పైనున్న ఆకు 17 డిగ్రీలు అయితే, సాపేక్ష ఆర్ద్రత 83 శాతం ఉన్నప్పుడే ఆకుపై మంచు మొదలవుతుంది. పరికరం తొంభై చూపేసరికి ఆకు ఎప్పుడో తడిసి ఉంటుంది. మబ్బు కమ్మి, గాలి వీచే రాత్రి ఇందుకు విరుద్ధం. ఆకు గాలితో సమానంగా వెచ్చగా ఉండి, 92 శాతం ఆర్ద్రతలోనూ పొడిగానే మిగలవచ్చు. మరీ నిశ్చలమైన గాలి కూడా మంచుకు అనుకూలం కాదు, ఎందుకంటే ఆకును ఆనుకున్న ఆవిరి అయిపోయాక కొత్తది అందదు. పరిమాణం ఎప్పుడూ స్వల్పమే. ఒక గ్రాము ఆవిరి నీరైనప్పుడు సుమారు 2.45 కిలోజౌళ్ల గుప్తోష్ణం విడుదలై ఆకును వేడెక్కిస్తుంది. ఆ వేడి ఆకాశంలోకి పోతేనే మరికొంత నీరు చేరగలదు. ఈ కారణంగా ఒక రాత్రి చేరే మంచు సాధారణంగా 0.1 నుండి 0.3 మిల్లీమీటర్లు, మహా అయితే 0.8. పంట దాహానికి ఇది లెక్కలోనిది కాదు. శిలీంద్రానికి మాత్రం ధారాళం.

ప్రతి శిలీంద్రానికీ అవసరం ఒకటి కాదు. వరి అగ్గితెగులు బీజానికి ఆకుపై గంటల తరబడి నిలిచిన నీరు కావాలి. వేరుశనగలో ఆలస్యంగా వచ్చే తిక్క ఆకుమచ్చ తెగులుపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జరిగిన ప్రయోగాలలో ఆసక్తికరమైన విషయం తేలింది. ఆకులు ఎడతెగక తడిగా ఉన్నప్పటి కంటే, తడి, పొడి ఒకదాని తరువాత ఒకటి వచ్చినప్పుడే మచ్చలు ఎక్కువ. రాత్రి మంచు, పగటి ఎండ కలిసి సరిగ్గా ఈ స్థితినే కల్పిస్తాయి. వాన లేని వారంలో కూడా తెగులు ముదరడానికి కారణం వెదికేవారు దీనిని మరువరాదు. మామిడి బూడిద తెగులు ఇందుకు భిన్నం. దాని బీజాలు నీరు లేకుండా కేవలం తేమ గాలిలో మొలకెత్తగలవు. నిలిచిన నీరు వాటికి హాని కూడా. ఒకే తేమ శాతాన్ని చూపి ఈ మూడింటికీ ఒకే సూచన ఇవ్వడం సమంజసం కాదు.

ఆకు తడిని నేరుగా కొలవడానికి నేడు విద్యుత్ నిరోధంపై ఆధారపడే పలకలు లభిస్తున్నాయి. అయితే పలక కూడా ఆకులాగే చల్లబడాలి. దాని రంగు, మందం, వాలు, అమర్చిన ఎత్తు బట్టి అంకె మారుతుంది. ఒక కేంద్రం పలకను మరో కేంద్రం పలకతో పోల్చే ముందు ఈ వివరాలు రాసి ఉంచుకోవడం తప్పనిసరి. పాతదైన దువ్‌దేవాని మంచు మాపకం ఇంతకంటే సరళం. రంగు పూసిన చెక్క దిమ్మెను సాయంత్రం ఆరుబయట ఉంచి, సూర్యోదయానికి ముందే దానిపై చేరిన బిందువుల రూపాన్ని ప్రామాణిక ఛాయాచిత్రాలతో పోల్చి మంచు పరిమాణాన్ని చెబుతారు. అది ఎంత మంచో చెబుతుంది కాని ఎన్ని గంటలు నిలిచిందో చెప్పదు. తెగుళ్ల పనికి కావలసినది ఆ గంటలే.

యాసంగి వరి నారుమడులలో చలి ఎక్కువగా ఉన్నప్పుడు ఉదయాన్నే తాడుతోనో కర్రతోనో నారుపై ఉన్న నీటి బిందువులను రాల్చమని, రాత్రిళ్లు నారును పాలిథిన్ పట్టాతో కప్పమని సూచించడం వాడుక. రెంటి వెనుకా పైన చెప్పిన భౌతికశాస్త్రమే ఉంది. కొనలపై నిలిచిన నీటిలో ఎక్కువ భాగం బిందుస్రావమే అయినా, అది ఆవిరి కావడానికి ఆకు నుండి వేడి తీసుకుంటుంది. రాల్చివేస్తే నారు ఎండకు త్వరగా వెచ్చబడుతుంది. పట్టా సంగతి ఇంకొంచెం విచిత్రం. పొడిగా ఉన్న పలుచని పాలిథిన్ నేల వెదజల్లే ఉష్ణ వికిరణాన్ని చాలావరకు పోనిస్తుంది, అంటే ఆ పనిలో అది అంత మంచి దుప్పటి కాదు. కాని మడిలోని తడి ఆవిరై పట్టా లోపలి వైపున బిందువులుగా చేరగానే, ఆ సన్నని నీటి పొర వికిరణాన్ని అడ్డుకొంటుంది. తెల్లవారాక పట్టా తీసినప్పుడు చేతిమీద జారే ఆ చల్లని నీరే రాత్రంతా నారును కాచినది.